వచ్చిపోయే రిపేరు



పూర్తిగా చెడిపోయిన వస్తువును బాగుచేయడం సులువు. ఒకసారి పనిచేసి, ఒకసారి మొండికేసే వస్తువుతోనే అసలు తిప్పలు. మెకానిక్ దగ్గర బ్రహ్మాండంగా పనిచేస్తుంది, ఇంటికి తెస్తే మళ్లీ మామూలే. అలాంటి రిపేరును ఎలా పట్టుకోవాలో ఒక పాత వీడియో కెమెరా నాకు నేర్పింది.

2004లో మన హాస్టల్ వార్షికోత్సవాన్ని ఒక పూర్వ విద్యార్థి మినీ డీవీ కెమెరాతో తీశారు. అందులో మా అన్న స్వాగతోపన్యాసం ఉంది. అప్పుడు ఏడో తరగతి. ఆ ఏడాదే చదువు మానేసి అమ్మానాయనలతో సుగ్గికి పోయాడు. అన్న చిన్నప్పటి ఫోటో మా ఇంట్లో ఒక్కటీ లేదు. నిరుడు ఆ కెమెరా, క్యాసెట్ నా చేతికి వచ్చాయి. కానీ కెమెరా నడుస్తూ నడుస్తూ ఆగిపోతోంది.

ముందు అది పనిచేసే తీరు తెలుసుకుందాం. మినీ డీవీ టేపు వెడల్పు 6.35 మిల్లీమీటర్లు. లోపలి డ్రమ్ము నిమిషానికి 9,000 సార్లు తిరుగుతుంది. దానికున్న రెండు హెడ్లు టేపు మీద ఏటవాలు గీతలుగా బొమ్మను రాస్తాయి, చదువుతాయి. మన పాల్ పద్ధతిలో సెకనుకు 25 బొమ్మలు, ఒక్కో బొమ్మకు 12 గీతలు. గీత వెడల్పు 10 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో నూరో వంతు. అందుకే కాస్త దుమ్ము హెడ్ మీద చేరినా బొమ్మ గళ్లుగళ్లుగా విరిగిపోతుంది.

మా కెమెరాలో బొమ్మ చెదరలేదు. మొత్తం కెమెరానే ఆరిపోయి, కాసేపటికి మళ్లీ ఆన్ అయ్యేది. బొమ్మ చెదిరితే హెడ్లు, టేపు చూడాలి. మొత్తం ఆరిపోతే ముందు కరెంటు వచ్చే దారి చూడాలి.

తర్వాత నేను పాటించిన పద్ధతి ఇది.

1. విలువైన క్యాసెట్‌తో పరీక్షలు చేయకూడదు. టేపు డ్రమ్ముకు చుట్టుకొని ఉన్నప్పుడు కరెంటు పోతే ఇరుక్కుని నలిగిపోవచ్చు. అన్న క్యాసెట్ వెనుక ఉన్న చిన్న మీటను 'సేవ్' వైపు జరిపి, పొరపాటున చెరిగిపోకుండా పక్కన పెట్టాను. పరీక్షలకు వేరే క్యాసెట్ వాడాను.

2. ఆగిన ప్రతిసారీ నోటుబుక్కులో రాయాలి: ఎన్ని నిమిషాలకు, బ్యాటరీనా అడాప్టరా, కెమెరా వేడిగా ఉందా, కదిలించామా అని.

3. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. రెండు మారిస్తే ఏది కారణమో తెలియదు.

ఇక్కడే నేను మోసపోయాను. అడాప్టరుతో ఆగుతోంది, బ్యాటరీతో ఆగలేదు. తప్పు అడాప్టరుదేనని వేరేది తెచ్చాను. అదీ అంతే! నోటుబుక్కు చూస్తే సంగతి తెలిసింది. కెమెరా ఆగేది పదిహేను, ఇరవై నిమిషాలకు. నా పాత బ్యాటరీ పది నిమిషాలకే అయిపోతోంది. అంటే తప్పు బయటపడే సమయం దాకా నేను పరీక్షే చేయలేదు. మంచి బ్యాటరీ అడిగి తెచ్చి నలభై నిమిషాలు ఆడించాను. ఆగలేదు. అప్పుడు అనుమానం అడాప్టరు గుచ్చే సాకెట్ మీదికి పోయింది. చల్లగా ఉన్నప్పుడు పిన్ను కదిపితే ఏమీ కాలేదు. వేడెక్కాక కదిపితే టక్కున ఆరిపోయింది.

ఆదోనిలో సెల్‌ఫోన్లు బాగుచేసే ఒకాయన విప్పి, భూతద్దంతో చూపించాడు. సాకెట్ కాలి దగ్గర టంకంలో వెంట్రుకంత పగులు. వేడికి లోహమూ, బోర్డూ ఒకే తీరుగా వ్యాకోచించవు కాబట్టి పగులు తెరుచుకుంటుంది. చల్లబడితే మళ్లీ తగులుకుంటుంది. కొత్త టంకం వేయడానికి ఐదు నిమిషాలు పట్టింది. కారణం కనుక్కోవడానికి నాకు మూడు వారాలు పట్టింది.

వేరే క్యాసెట్‌తో గంటసేపు ఆడించి చూశాకే అన్న క్యాసెట్ పెట్టాను. ఆడుతుండగానే ఫైర్‌వైర్ తీగతో పాత కంప్యూటరులోకి ఎక్కించాను. బెంగళూరులో బేల్దారి పనిలో ఉన్న అన్న సెల్‌లో చూసుకుని, "నా గొంతు ఇట్లుండెనా రా?" అన్నాడు. ఇంకేమీ మాట్లాడలేదు.

తమ్ముళ్లారా, మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. అన్నకు చదువు రాక కాదు. అప్పట్లో అందరూ "ఈ పిల్లోడు అప్పుడప్పుడు మాయమవుతాడు" అనేవారట. హాజరుపట్టీలో నెలలు చూసి ఉంటే తెలిసేది, రాని రోజులన్నీ సుగ్గి రోజులేనని. మీ గదిలోనూ అలా వచ్చిపోయే పిల్లవాడు ఉంటే, తిట్టే ముందు ఎప్పుడు రావడం లేదో రాసి చూడండి. కారణం దొరుకుతుంది.