ఎయిర్ రైఫిల్‌లో గాలి లీకు

ఎయిర్ రైఫిల్ సిలిండరులో అధిక పీడనంతో నిలువ ఉంచిన గాలి, కాల్పులు జరపకుండానే గంటలు లేదా రోజుల వ్యవధిలో కొద్దికొద్దిగా బయటికి పోవడాన్ని నెమ్మది గాలి లీకు అంటారు. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలలో వాడే తుపాకులకు ఇది సాధారణంగా వచ్చే లోపం. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్య పతకం సాధించినది ఈ పోటీలోనే.

తిరునాళ్ళలో బుడగలు పేల్చే తుపాకులకు ఈ లోపం వర్తించదు. అవి స్ప్రింగు తుపాకులు. వాటిలో గాలి నిలువ ఉండదు. మీట నొక్కిన క్షణంలో ముషలకం ముందుకు దూకి గాలిని నొక్కుతుంది. వాటి వాషరు అరిగితే గుండు వేగం తగ్గుతుందే గాని, రాత్రికి రాత్రి గాలి పోవడమనే ప్రశ్న లేదు.

పోటీ తుపాకిలో సిలిండరును సుమారు 200 బార్ల వరకు నింపుతారు. రెగ్యులేటరు ఆ పీడనాన్ని తగ్గించి, ప్రతి గుండుకూ ఒకే మోతాదులో గాలి అందేటట్లు చూస్తుంది. గురిపటంలో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు మాత్రమే. మోతాదు మారితే గుండు వేగం మారుతుంది, పాయింట్లు పోతాయి.

లీకు అవునా, కాదా

ముళ్ళు తగ్గినంత మాత్రాన లీకు అనుకోరాదు. విజయవాడ ఎండలలో 40 డిగ్రీల వేడి వద్ద 200 బార్లు చూపిన సిలిండరును 25 డిగ్రీల చల్లని గదిలో ఉంచితే, ఒక్క బుడగ గాలి పోకుండానే ముళ్ళు సుమారు 190కి దిగుతుంది. మూసిన పాత్రలో వాయు పీడనం పరమ ఉష్ణోగ్రతకు అనులోమానుపాతంలో ఉంటుందన్న పాఠశాల సూత్రమే దీనికి కారణం. నింపేటప్పుడు కూడా గాలి వేడెక్కుతుంది కనుక, నింపిన గంట తరువాతి అంకెనే లెక్కలోకి తీసుకోవాలి. పీడనంతో పాటు గది ఉష్ణోగ్రతను కూడా రాసిపెట్టి, మరునాడు అదే వేళకు చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. అనవసరంగా విప్పిన తుపాకులలో చాలా వాటికి ఈ పరీక్ష చేసి ఉండరు.

జాడ కనుగొనుట

మొదట సిలిండరును తుపాకి నుండి వేరు చేసి ఒక రాత్రి విడిగా ఉంచాలి. సిలిండరుకు సొంత కవాటం ఉంటుంది. విడిగా ఉన్నప్పుడు పీడనం నిలిస్తే లోపం తుపాకిలో ఉన్నట్లు. నిలవకపోతే సిలిండరు కవాటంలోనో, మీటరు అతుకులోనో ఉన్నట్లు.

సైకిలు షాపులో ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు చూసే పద్ధతి అందరికీ తెలిసినదే. తుపాకిని అలా ముంచరాదు. అతుకులపై సబ్బు నురగను చిన్న కుంచెతో రాసి, కొన్ని నిమిషాలు వేచి చూడాలి. నెమ్మది లీకు వెంటనే బుడగ కట్టదు. పరీక్ష తరువాత తడిని పూర్తిగా తుడవాలి, లేకుంటే ఉక్కు భాగాలు తుప్పు పడతాయి.

గుండు లేదని నిర్ధారించుకొని గొట్టం మూతికి పలుచని రబ్బరు బుడగను తొడిగితే, అది మెల్లగా ఉబ్బినచో ప్రధాన కవాటం సరిగా మూసుకోవడం లేదని అర్థం. గాలి బయటికి పోకుండానే, కొంతసేపు ఆపిన తరువాత కాల్చిన మొదటి గుండు మాత్రమే ఎక్కువ వేగంతో పోతుంటే రెగ్యులేటరును అనుమానించాలి. అందులో గాలి అధిక పీడనం వైపు నుండి తక్కువ పీడనం వైపుకు లోలోపలే జారుతుంది.

కారణాలు, మరమ్మత్తు

ఎక్కువ సందర్భాలలో దోషి ఓ-రింగు. ఈ చిన్న రబ్బరు వలయం కాలక్రమంలో గట్టిపడుతుంది, చదునవుతుంది, లేదా మర అంచు తగిలి కోసుకుపోతుంది. పాతది సాగి ఉంటుంది కనుక దాని కొలతను నమ్మక, తయారీదారు ఇచ్చిన కొలత, గట్టిదనం ప్రకారమే కొత్తది తీసుకోవాలి. లారీల మరమ్మతుకు పేరుపొందిన విజయవాడ ఆటోనగర్ వంటి చోట కొలతకు సరిపోయేది దొరికినా, గట్టిదనం వేరైతే ఈ పీడనానికి నిలవదు. బిగించేముందు సిలికాన్ గ్రీజు పలుచగా రాయాలి.

కవాటంపై ఇసుక రేణువు కూర్చున్నా గాలి పోతుంది. డెల్టాలో తేమ మరొక శత్రువు. 30 డిగ్రీల వద్ద 80 శాతం తేమ ఉన్న గాలి ఘనపు మీటరులో సుమారు 24 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. 200 మిల్లీలీటర్ల సిలిండరును 200 బార్లకు నింపడానికి 40 లీటర్ల గాలి కావాలి. అంటే దానితో పాటు దాదాపు ఒక గ్రాము నీరు వస్తుంది. పంపులో ఆరబెట్టే ఫిల్టరు లేకపోతే, అందులో కొంత సిలిండరు లోపలికి చేరి కవాటాన్ని, గోడలను తినివేస్తుంది. మచిలీపట్నం వంటి సముద్రతీర ప్రాంతాలలో ఫిల్టరును తరచుగా మార్చవలసి ఉంటుంది.

జాగ్రత్తలు

గాలి పూర్తిగా వదలకుండా ఏ మరనూ విప్పరాదు. మీటరు సున్నా చూపినా లోపల కొంత పీడనం మిగిలి ఉండవచ్చు. 200 బార్ల వద్ద ఊడిన మర గుండు కంటే ప్రమాదకరం. ఆసుపత్రి లేదా వెల్డింగు ఆక్సిజనుతో ఎన్నడూ నింపరాదు. పీడనం కింద ఆక్సిజను గ్రీజుకు, నూనెకు తగిలితే పేలుడు సంభవిస్తుంది. ఇంజను ఆయిలు వంటి ఖనిజ తైలాలను అధిక పీడన భాగాలకు పూయరాదు.

పోటీ సిలిండర్లపై గడువు తేదీ ముద్రించి ఉంటుంది. సాధారణంగా అది తయారైన నాటి నుండి పదేళ్ళు. గడువు దాటిన సిలిండరుకు కొత్త ఓ-రింగులు వేసి లీకు ఆపినా, దానిని వాడరాదు. రెగ్యులేటరును, సిలిండరు కవాటాన్ని ఇంటివద్ద విప్పక, తయారీదారు గుర్తించిన మరమ్మతుదారుకు పంపాలి.