అమ్మ కడుపులో కొత్త కాలువలు ఎలా పుడతాయి?

ఏలూరు మీదుగా పారే తమ్మిలేరు కొల్లేరు సరస్సులో కలుస్తుంది. మిగులు నీటిని ఉప్పుటేరు సముద్రానికి చేరుస్తుంది. వచ్చే దారీ, పోయే దారీ ఉంటేనే సరస్సు బతుకుతుంది. కడుపులో బిడ్డకూ అంతే. కాకపోతే ఆ దారులు చాలావరకు కొత్తగా పుట్టాలి.

ఎవరు పుట్టిస్తారు?

మూత్రం చుక్కలు పడ్డాక గర్భపరీక్ష పట్టీ మీద రెండో గీత తేలుతుంది కదా, అది పట్టిచ్చేది హెచ్‌సీజీ అనే హార్మోన్‌ని. మావి (ప్లాసెంటా)గా మారబోయే కణాలు దీన్ని తయారుచేస్తాయి. గర్భసంచి గోడలోని రక్తనాళాలు కొత్త కొమ్మలు వేసేలా ఇది పురికొల్పుతుంది. నాళాలు పెరగడానికి తోడ్పడే వీఈజీఎఫ్ అనే ప్రోటీన్‌నీ పెంచుతుంది. ఈస్ట్రోజన్ తోడై నాళాలను సడలిస్తుంది. ఇక అసలు అద్భుతం: మావి కణాలే తల్లి ధమనుల్లోకి చొచ్చుకెళ్లి, మెలికలు తిరిగిన సన్నని గొట్టాలను వెడల్పాటి కాలువలుగా మార్చేస్తాయి. మామూలప్పుడు గర్భసంచికి నిమిషానికి సుమారు 50 మిల్లీలీటర్ల రక్తం అందితే, నెలలు నిండేసరికి అది 500 దాటుతుంది.

ఈ వెడల్పు సరిగా జరగకపోతే తల్లికి రక్తపోటు పెరగవచ్చు, బిడ్డ ఎదుగుదల తగ్గవచ్చు. తాడేపల్లిగూడెంలోనైనా, కొల్లేటి లంక గ్రామాల్లోనైనా గర్భిణి పరీక్షకు వెళ్లిన ప్రతిసారీ చేతికి పట్టీ చుట్టి బీపీ చూసేది ఇందుకే.