గండం గడిచిన తరువాత

పొలం గట్టుమీద ట్రాక్టరు తలకిందులైందన్నా, పుంత మలుపులో రెండు ట్రాక్టర్లు ఢీకొన్నాయన్నా ఊరు ఊరంతా పరుగెత్తుతుంది. దెబ్బ తిన్నవాణ్ణి ఆసుపత్రికి చేరుస్తారు. 2005లో 108 బళ్ళు వచ్చాక ఈ పని కొంత సులువయింది. ఆపరేషను అవుతుంది, కట్టు పడుతుంది, కొన్నాళ్ళకు మనిషి ఇంటికి వస్తాడు. గండం గడిచిందని పెద్దవాళ్ళు దిష్టి తీస్తారు. గడిచిన మాట నిజమే, కాని సగమే! మిగతా సగం ఇంట్లోవాళ్ళ చేతుల్లో ఉంది.

ఈ మిగతా సగానికి పెద్ద శత్రువు నాట్ల అదను. పంట పోతుందని రైతుకు బెంగ. కూలికి ట్రాక్టరు తోలేవాడికి పూట గడవదని బెంగ. "నొప్పి తగ్గింది గదా, మళ్ళీ డాక్టరెందుకు?" అనుకుంటారు. చూపించుకోమన్న తారీఖు కాస్తా దాటిపోతుంది.

పొలంలో తగిలే దెబ్బలో మట్టీ, పేడా చేరతాయి. ధనుర్వాతం పుట్టించే క్రిములు ఉండేది వాటిలోనే. జబ్బు సాధారణంగా 3 నుంచి 21 రోజుల లోపల బయటపడుతుంది. అప్పటికి పుండు మానినట్లే కనిపించవచ్చు. దవడ బిగుసుకుంటే ఇక ఆలస్యం తగదు. మురికి పట్టిన గాయమైతే, టీకా వేయించుకొని అయిదేళ్ళు దాటినవారికి మళ్ళీ సూది పడాలి. ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు లేకపోతే ఆ సంగతి డాక్టరుతో చెప్పండి.

పిండికట్టు వేసిన కొత్తలో కాలుగాని చేయిగాని ఎత్తులో ఉంచి, వేళ్ళను రోజుకు పదిసార్లు చూడాలి. గోరు నొక్కి వదిలితే వెంటనే ఎరుపు తిరగాలి. వేళ్ళు పాలిపోయినా, తిమ్మిరెక్కినా, కదిపితే భరించరాని నొప్పి పుట్టినా కట్టు లోపల వాపు నరాలను, కండను నొక్కేస్తున్నదన్నమాట. తెల్లవారనిద్దాం అనుకోకండి. కొన్ని గంటల జాప్యంతో కండ చచ్చిపోవచ్చు.

పిక్క వాచి నొప్పి పెడితే కొందరు నూనె రాసి మర్దనా చేస్తారు. అది ప్రమాదం. కదలక పడుకున్నవారి కాలిలో నెత్తురు గడ్డ కట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరవచ్చు. హఠాత్తుగా ఆయాసం వస్తే మళ్ళీ 108కే కబురు చేయాలి.

స్టీరింగు కడుపులో పొడుచుకున్నవారి ప్లీహం కొన్ని రోజుల తరువాత కూడా చిట్లవచ్చు. ఎడమ డొక్కలో నొప్పి, ఎడమ భుజంలో పోటు, కళ్ళు తిరగడం దానికి గుర్తులు. తలకు దెబ్బ తగిలిన ముసలివారి సంగతి మరీ జాగ్రత్త. పుర్రె లోపల నెత్తురు మెల్లగా చేరి, కొన్ని వారాలకు తలనొప్పి, మతిమరపు, నడకలో తూలు కనిపిస్తాయి. వయసు మీద పడిందిలే అని సరిపెట్టుకోకూడదు.

ఎముక విరిగిందనగానే మనకు పుత్తూరు కట్టు గుర్తుకు వస్తుంది. కాని చర్మం చీలి మట్టి చేరిన విరుపుకు పైకట్టు చాలదు. లోపల కడిగి శుభ్రం చేయవలసిందే. ఆసుపత్రిలో వేసిన కట్టును మధ్యలో విప్పించడం అంతకన్నా తప్పు. మోకాలి కింది పెద్ద ఎముక అతకడానికే తరచు మూడు నాలుగు నెలలు పడుతుంది. తరువాత చెప్పిన వ్యాయామం చేయకపోతే ఎముక అతికినా కీలు బిగుసుకుపోతుంది.

కాలే పోయినవారికీ దారి ఉంది. 1960ల చివర జైపూరులో శిల్పి రామచంద్రశర్మ, డాక్టరు పి.కె. సేథీ కలిసి తయారు చేసిన రబ్బరు పాదంతో గొంతుక్కూర్చోవచ్చు, చెప్పులు లేకుండా బురద పొలంలో నడవవచ్చు. సేథీకి 1981లో మెగసెసే బహుమతి వచ్చింది.

ఇక మనసు మాట. ట్రాక్టరు చప్పుడు వినగానే ఉలిక్కిపడడం, రాత్రిళ్ళు నిద్ర పట్టకపోవడం పిరికితనం కాదు. నెల దాటినా తగ్గకపోతే దానికీ వైద్యం ఉంది, ఎగతాళి చేయకండి.

ఆసుపత్రివారిచ్చిన కాగితాన్ని చూరులో దోపకుండా భద్రం చేసి, మళ్ళీ రమ్మన్న తారీఖును గోడమీది క్యాలెండరులో గుర్తు పెట్టండి. ఒక అదను పోతే మరో అదను వస్తుంది. కాలు మాత్రం మళ్ళీ మొలవదు.