రాయి పట్టు సడలించే మర

టన్ను అల్యూమినియం కావాలంటే దాదాపు నాలుగైదు టన్నుల బాక్సైట్ తవ్వాలి. ఆ ఖనిజాన్ని పొడిచేసి వేడి కాస్టిక్ సోడా ద్రావణంలో ఉడికిస్తే అందులోని అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) కరిగి విడివడుతుంది. కార్ల్ జోసెఫ్ బేయర్ 1888లో పేటెంట్ పొందిన ఈ పద్ధతే నేటికీ ప్రపంచమంతటా నడుస్తోంది. కరగనిదంతా ఎర్రబురద. టన్ను అల్యూమినాకు అది కూడా ఇంచుమించు టన్ను, ఒక్కోసారి టన్నున్నర తేలుతుంది. 2010 అక్టోబరులో హంగేరీలోని అయ్కా దగ్గర ఆ బురద చెరువు గట్టు తెగి 10 మంది ప్రాణాలు పోయాయి. అందుకే తవ్విన రాయిలోంచి ఇంకాస్త అల్యూమినా రాబట్టే ఉపాయం ఏదైనా శ్రద్ధగా పరిశీలించదగ్గదే. యాంత్రిక ఉత్తేజనం అలాంటిది. కాకపోతే దాన్ని అన్ని ఖనిజాలకూ ఒకే మందులా వాడకూడదు.

మామూలు మరలో రాయి నలిగి పొడి అవుతుంది, అంతే. గుండ్లు అతివేగంగా గుద్దుకునే మరలో చాలాసేపు రుబ్బితే ఒక దశ దాటాక రేణువు చిన్నదవడం మందగిస్తుంది. దెబ్బల శక్తిలో కొంత స్ఫటికం లోపలికే చేరి అక్కడి పరమాణువుల వరుసను చెదరగొడుతుంది. అలా పట్టు తప్పిన స్ఫటికంలోకి సోడా సులువుగా చొరబడుతుంది. ఇదే యాంత్రిక ఉత్తేజనం. జంషెడ్‌పూర్‌లోని జాతీయ లోహశోధన ప్రయోగశాల ఈ మార్పుల మీద చాలా పని చేసింది. ఇక్కడ బాక్సైట్‌లోని అల్యూమినా ఖనిజం రకమే కీలకం. గిబ్‌సైట్ 150 డిగ్రీల లోపే కరుగుతుంది. బోహ్‌మైట్‌కు సాధారణంగా 200 డిగ్రీలు దాటాలి, డయాస్పోర్‌కు అంతకన్నా ఎక్కువ వేడి, దానికి తగ్గ పీడనం కావాలి. మన తూర్పు కనుమల బాక్సైట్‌లో ప్రధానమైనది గిబ్‌సైటే. మామూలు పొడికే లొంగే ఆ రాయిని గంటల తరబడి రుబ్బడం కరెంటు దండగ. మొండి ఖనిజాల దగ్గరే ఈ పద్ధతికి పని ఉంది.

అక్కడైనా మర మింగే కరెంటు మాటేమిటని అడిగేవారి ప్రశ్న న్యాయమైనదే. అంతకన్నా బరువైన అభ్యంతరం సిలికా. రుబ్బుడు అల్యూమినాతోపాటు సిలికా ఉండే బంకమట్టి ఖనిజాల పట్టునూ సడలిస్తుంది. కరిగిన ప్రతి కిలో సిలికా సుమారు కిలో సోడాను తనతో బురదలోకి లాక్కుపోతుంది. పైగా మరీ మెత్తటి బురద త్వరగా అడుగుకు చేరదు. వీటికి నాకు తోచే జవాబు, రాయినంతా రుబ్బకపోవడమే. తేలిగ్గా కరిగేదాన్ని ముందు తక్కువ వేడి దగ్గర తీసేసి, మిగిలిన మొండి భాగాన్నే కొద్దిసేపు ఉత్తేజపరిస్తే మర మీద భారం తగ్గుతుంది. సిలికా మరీ ఎక్కువున్న ఖనిజానికి ఇదీ చాలదు, అలాంటి చోట ఈ పద్ధతిని వదులుకోవాలి. కనుక ఎంత శాతం అల్యూమినా కరిగిందన్న ఒక్క అంకె చూసి మురిసిపోవద్దు. టన్నుకు ఎన్ని యూనిట్లు కాలాయి, ఎంత సోడా పోయింది, బురద పేరుకోవడానికి ఎంతసేపు పట్టింది? ఈ మూడు లెక్కలూ పక్కనే చూపమని పరిశోధకులనూ పరిశ్రమనూ అడగాలి.