తలదిండులోని గ్రంథము

1813 సంవత్సరమున రంగూను చేరిన అమెరికా మిషనరీలు జడ్సను దంపతులను గూర్చి మే మిచ్చట చెప్పదలచితిమి. ఆడోనిరాము జడ్సను పండితునికడ బర్మాభాష నభ్యసించుచుండెను. ఆయన భార్య ఆన్ ఇల్లు నడుపుచు, పనివారితోను అంగడివారితోను మాటలాడి, వాడుకభాషలో భర్తను మించెను.

1824లో ఆంగ్లేయులకును బర్మారాజునకును యుద్ధము రాగా, ఆవా నగరమున ఆయనను సంకెలలతో చెరసాల నుంచిరి. గర్భవతియైనను ఆమె అన్నము గొనిపోవుచు, అధికారుల వాకిళ్ల వేడుకొనుచుండెను. క్రొత్తనిబంధన యనువాదపు వ్రాతప్రతిని తలదిండులో కుట్టి భర్తకంపెను. కావలివారు దానిని పారవేయగా, శిష్యుడొకడు తెచ్చి దాచెను.

భర్త విడుదలైన పిదప, 1826లో ఆమె జ్వరమున మృతినొందెను. బైబిలనువాదము 1834లో ముగిసెను. నేటికిని బర్మాలో దానిని చదువుచున్నారు. అనువదించినవానిని లోకమెరుగును, దిండు కుట్టిన చేతులను మేము స్మరించుచున్నాము.