అక్కడ దేవుడి చెట్టు... ఇక్కడ దెయ్యం చెట్టు!

చలికాలం మొదలయ్యే రోజులు. చీకటి పడిందంటే చాలు, విశాఖ కాలనీల్లో ఓ ఘాటైన వాసన గాల్లో తేలివస్తుంది. కొందరికి అది పరిమళం. ఇంకొందరికి తలనొప్పి, తుమ్ములు, ఆయాసం. కిటికీలు మూసుకునేవాళ్లు కొందరైతే, 'ఈ చెట్లు కొట్టేయండి బాబూ' అని కార్పొరేషన్‌కు మొరపెట్టుకున్నవాళ్లు మరికొందరు. ఆ చెట్టే ఏడాకులపాల. కణుపు దగ్గర గొడుగులా ఏడేసి ఆకులు విచ్చుకుంటాయి కాబట్టి ఆ పేరు. సంస్కృతంలో సప్తపర్ణి. ఇంగ్లిషువాళ్లు మాత్రం 'డెవిల్స్ ట్రీ' అన్నారు. అంటే, దెయ్యం చెట్టు!

తమాషా ఏంటంటే, దీనికి ఆఫ్రికాలో ఓ తోబుట్టువు ఉంది. ఘనాలోని అకాన్ ప్రజలు దాన్ని 'న్యామెదువా' అంటారు. ఆ మాటకు అర్థం... దేవుడి చెట్టు! పూర్వం వాళ్లు ఇంటి ముంగిట దాని పంగలకొమ్మ పాతి, దానిమీద నీళ్లకుండ పెట్టి దేవుణ్ని కొలిచేవారు. దేవుడో దెయ్యమో గానీ, రెండుచోట్లా జనం ఈ చెట్లను నమ్ముకున్నది మాత్రం ఒక్కదానికే... చలిజ్వరానికి!

చేదే మందు

ఘనా, నైజీరియా పల్లెల్లో మలేరియా వస్తే ఆ చెట్టు బెరడు కషాయం తాగడం తరతరాల అలవాటు. మన ఆయుర్వేదమూ విడిచి విడిచి వచ్చే విషమజ్వరానికి సప్తపర్ణి బెరడునే చెప్పింది. పాడేరు, చింతపల్లి, అరకు కొండలకు ఆ జ్వరం కొత్తకాదు. వానలు పడితే చాలు, గూడేలు వణికేవి. 'మన్యం జ్వరం' అన్న పేరే అందుకు సాక్ష్యం. ఆ కొండలు 2022 నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి. జ్వరం ముదిరితే మాత్రం అక్కడివాళ్లకు ఇప్పటికీ విశాఖ కేజీహెచ్చే పెద్దదిక్కు.

వృక్షశాస్త్రం లెక్కలో మన చెట్టు అల్‌స్టోనియా స్కొలారిస్, ఆఫ్రికాది అల్‌స్టోనియా బూనీ. రెండూ గన్నేరు కుటుంబానివే. గిల్లితే పాలు కారతాయి. బెరడు కటిక చేదు. ఎకిటమైన్ అనే ఆల్కలాయిడ్ రెండింట్లోనూ ఉంది. మలేరియాను తగ్గించే క్వినైన్ కూడా చేదే కదా. అందుకే 19వ శతాబ్దంలో 'డిటా బెరడు' పేరుతో దీన్ని క్వినైన్‌కు బదులుగా వాడి చూశారు.

పలక చెట్టుకు పరీక్ష

ఒకప్పుడు దీని చెక్కతో పిల్లలు రాసుకునే పలకలు చేసేవారు. పేరులో 'స్కొలారిస్' వచ్చింది అందుకే. మరి అంత చదువుల చెట్టు పరీక్షలో నెగ్గిందా? 1990లో ప్రచురితమైన పరిశోధనలో మలేరియా సోకిన ఎలుకలకు బెరడు సారం ఇచ్చారు. వాటి ఒంట్లోని మలేరియా క్రిమి మాత్రం చావలేదు. ఆయుర్వేద పరిశోధన మండలి సప్తపర్ణితో సహా నాలుగు మూలికలు కలిపి మలేరియా కోసం 'ఆయుష్-64' తయారుచేసింది. దాన్ని వైవాక్స్ మలేరియా రోగులమీద క్లోరోక్విన్‌తో పోల్చి చూస్తే, మూలికల మందుతో దాదాపు సగంమందికే నయమైంది. క్లోరోక్విన్ తీసుకున్నవాళ్లందరికీ తగ్గిపోయింది. ఆ ఫలితాలు 2000లో వెలువడ్డాయి. 2021లో కొవిడ్ సమయాన అందరి నోటా వినిపించింది ఈ ఆయుష్-64 పేరే.

అలాగని మొక్కల్లో మందే లేదనుకుంటే పొరపాటు. చైనా శాస్త్రవేత్త తు యుయు పాత వైద్యగ్రంథాలు తిరగేసి, మాచిపత్రి జాతికి చెందిన ఓ మొక్కనుంచి ఆర్టిమిసినిన్‌ను వెలికితీశారు. 2015లో నోబెల్ అందుకున్నారు. ప్రాణాంతకమైన ఫాల్సిపారం మలేరియాకు ఇప్పుడు మన్యం ఆసుపత్రుల్లో ఇచ్చేదీ ఆ తరహా మందులే. అయితే ఆ మొక్క ఆకుతో టీ కాచుకుని తాగితే చాలనుకోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఎందుకంటే కప్పు టీలో మందు ఎంతుందో తెలియదు. చాలకపోతే క్రిమి చావదు సరికదా, మందుకే అలవాటు పడిపోతుంది.

చెట్టు తప్పేముంది?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ పచ్చదనాన్ని తుడిచిపెట్టింది. ఆ తర్వాత నాటిన మొక్కల్లో ఏడాకులపాల ఎక్కువే. ఇట్టే పెరుగుతుంది, నీడనిస్తుంది, పశువులు నోరుపెట్టవు. కాకపోతే అడవిలో పది రకాల చెట్ల మధ్య ఎక్కడో ఒకటి ఉండేదాన్ని, వీధి పొడవునా వరస కట్టిస్తే ఆ ఘాటు తట్టుకోవడం కష్టం. వేప, కానుగలాంటివాటితో కలిపి నాటితే ఇంత తంటా ఉండదు.

ఇక జ్వరం మాటకొస్తే, కషాయంతో రెండ్రోజులు చూద్దామనుకోవడమే ప్రమాదం. ఫాల్సిపారం ఆలోపే మెదడును దెబ్బతీయొచ్చు. ఊళ్లో ఆశా కార్యకర్త దగ్గర కిట్ ఉంటుంది. వేలి కొసన ఒక్క చుక్క రక్తం... అరగంటలోపే అది మలేరియానో కాదో తేలిపోతుంది.