నేలకు దిగిన ఎత్తు రైలు



అమెరికాలోని చికాగో నగరమున వీథులపై ఉక్కు స్తంభములు నిలిపి, వానిమీద పట్టాలు పరచి నడపు రైలుదారి 1892 నుండి కలదు. ‘ఎలివేటెడ్’ అను మాటను కుదించి జనులు దానిని ‘ఎల్’ అందురు. ఎత్తున నుండునది యని యర్థము. అయితే ఉత్తరభాగమున రేవన్స్‌వుడ్ శాఖ, వెస్టర్న్ స్టేషను దాటిన పిమ్మట మెల్లగా దిగి, రాక్‌వెల్, ఫ్రాన్సిస్కో, కెడ్జీ, కింబాల్ అను నాలుగు స్టేషనులకు నేలమీదనే పోవును. 1907లో దానిని వేసినప్పుడు ఆ కొన ఊరి శివారు, ఇండ్లు పలుచన. స్తంభములెత్తుటకంటె నేల చౌక. పేరు మాత్రము మారలేదు. దర్భలు కోయువాడు కుశలుడని వ్యుత్పత్తి. నేటి కుశలునకు దర్భలతో నేమి పని? ‘ఎల్’ అనునదియు నట్లే రూఢియైనది.

పేరుతో చిక్కు లేదు. చిక్కంతయు విద్యుత్తుతోనే. ఈ బండ్లకు తలపై తీగ యుండదు. నడచు పట్టాల ప్రక్కన మూడవ పట్టా యొకటి యుండును. అందు 600 వోల్టుల విద్యుత్తు ప్రవహించుచుండును. పైన మూత లేదు. బండి ప్రక్కనున్న ఇనుప పాదుక దానిపై జారుచు శక్తిని గైకొనును. దారి మింటనున్నంత కాలము ఆ యెత్తే కోటగోడ. నేలకు దిగగనే ఆ గోడ పోయినది.

వీథి అడ్డము వచ్చినచోట మూడవ పట్టాను తెంపివేయుదురు. మరి బండి ఆగిపోదా యని మీరడుగవచ్చును. ముందు పెట్టె పాదుక ఖాళీలో నున్నను, వెనుక పెట్టెల పాదుకలు పట్టాను తాకుచునే యుండును. పైగా బండికి తన వేగము కలదు. నేనచ్చట కొన్నాళ్లుండి చూచితిని: గంట మ్రోగును, గేటు వాలును, పిల్లలు సైకిళ్లతో నిలుతురు, బండి పోవును. మన లెవల్ క్రాసింగు వలెనే యుండును. కాని వీథి అంచు దాటగానే ఆ పట్టా మరల మొదలగును. జనులు అటు నడువకుండుటకు మొనదేలిన కొయ్య పలకలు పరచి, హెచ్చరిక బోర్డులు నాటియుందురు.

1977లో కెడ్జీ వీథి దాటుచోట, మద్యము సేవించి యున్న కొరియా దేశీయుడొకడు పట్టాలవైపు పోయి, ఆ మూడవ పట్టా తాకి మరణించెను. బోర్డులు ఇంగ్లీషున నుండెను. అతనికి ఆ భాష అంతగా రాదు. అతని కుటుంబమువారు వ్యాజ్యము వేసిరి. జ్యూరీ నష్టమును 30 లక్షల డాలర్లుగా నిర్ణయించి, దోషములో సగము మృతునిదేయని 15 లక్షలకు తగ్గించెను. పై కోర్టు దానిని కొట్టివేసినను, 1992లో ఇల్లినాయి సుప్రీముకోర్టు ఆ తీర్పునే నిలిపెను. అనుమతి లేక చొచ్చినవాడైనను, బాటను ఆనుకొని అంతటి అపాయము నుంచిన సంస్థకు జాగ్రత్తపడు బాధ్యత కలదని దాని సారము. అపాయమెరుగక చొచ్చినవానికి మరణము తగిన శిక్షయా? ఆ తీర్పు న్యాయమని నా మతము. చదువనేరని వానికి వ్రాతపలక వట్టి పలకయే. నలుబది యేండ్లు అక్షరములు దిద్దించిన నాకు ఈ సంగతి తెలియును.

తలపై తీగను వారెరుగకపోలేదు. స్కోకీకి పోవు శాఖలో 1964 నుండి కొంతమేర తీగనుండియే శక్తి గైకొనుచుండిరి. పరుగెత్తు బండిలోనే పట్టా విడిచి తీగనందుకొనెడివారు. 2004లో ఆ తీగను తొలగించి, అచ్చటను మూడవ పట్టానే వేసిరి.